పైది ఆగు, కిందిది పో

సోమవారం

ఈ పేజీ ఎవరైనా తెరిస్తే ఖాళీగా కనిపిస్తుంది. వెనక తెలుపు, అక్షరాలూ అదే తెలుపు. ఇంగ్లీషులో రాద్దామనుకున్నాను, స్కూల్లో పదేళ్ళు అంతా ఇంగ్లీషే కదా. కానీ ఊరి తెరలకి పేజీలు తయారుచేసే మా పేజీల గదిలో ఇంగ్లీషైతే అందరూ ఒక్క చూపులో చదివేస్తారు. తెలుగైతే కాస్త ఆగుతారు. ఆ కాస్తలో నేను మూసేయొచ్చు.

ఈరోజు కస్తూరి మేడమ్ నన్ను పిలిచి కొత్త పని ఇచ్చారు. ఊళ్ళో ఏ తెర మీద ఏ పేజీ రావాలన్నా మేడమ్ ఒప్పుకోవాలి. సొరంగం బండి పేజీ మా డిజైనరు ఇర్ఫాన్ అన్న గీశాడట, దాన్ని నేను పూర్తి చేయాలట.

"మలుపు దగ్గర సిగ్నల్ దీపాలు, పైన ఎరుపు, కింద గ్రీన్, రెండు పోయినయి షారోను. స్టోర్‌ల ఇంక బల్బులు లేవు. శుక్రవారం నుంచి కేబిన్‌ల ట్యాబ్లెట్ మీదనే సిగ్నల్."

గని అడుగున మేమంతా ఉంటాం. పగలు పైకి వెళ్తే మనిషి మాడిపోతాడు. పొద్దు వాలాక మొదటి బండి సోలార్ పలకలు తుడిచేవాళ్ళని ఎక్కించుకుని పైకి వెళ్తుంది. అదే సమయానికి పై నుంచి ఇంకో బండి సామానుతో దిగుతుంది. పట్టాలు ఒక్క జతే. మధ్యలో ఒక మలుపు దగ్గర మాత్రం రెండు జతలు. అక్కడ ఒకటి ఆగాలి, ఒకటి పోవాలి. ఆగకపోతే ఏమవుతుందో రాయాలని లేదు.

ఇర్ఫాన్ అన్న తెర నా వైపు తిప్పాడు. "చూడు. ఒక్క గీత లేదు, ఒక్క అక్షరం లేదు. తెర మొత్తం ఎరుపు. ఇగ ఇప్పుడు... తెర మొత్తం గ్రీన్. ఎట్లుంది?"

"సూపర్ ఉంది అన్నా."

నాకు రెండుసార్లూ ఒకే తెర కనిపించింది. తడి మట్టి రంగు.

నా రహస్యం అదే. ఎరుపూ ఆకుపచ్చా నాకు విడిగా తెలియవు. పేజీల గదిలో ఎలా నెట్టుకొస్తున్నానంటే, అంకెల్ని చూసి. తెర మీద ప్రతి రంగుకీ మూడు అంకెలుంటాయి, ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని. నేను రంగు చూడను, అంకె చదువుతాను. అందరూ "ఈ పిల్లకి రంగులు భలే తెలుసు" అంటారు. వాళ్ళు అలా అన్నప్పుడల్లా అంకెల్ని ఇంకోసారి చదువుకుంటాను.

సోమవారమే, అన్నాలయ్యాక

అన్నం దగ్గర డాడీకి చెప్పాను. మా డాడీ దేవసహాయం మొదటి బండి డ్రైవరు.

"కేబిన్‌ల కొత్త పేజీ వస్తున్నది డాడీ."

"మా పెద్ద డ్రైవర్ భద్రయ్య చెప్పిండు. మా షారోను చేస్తున్నదట గదా! ఇగ చూడు, రేపటి నుంచి బండి ఎక్కినోళ్ళందరికి చెప్త." అమ్మ పప్పు వడ్డిస్తూ నవ్వింది.

"డాడీ, అందులో..."

"నాకు తెల్వదా? పైది ఆగు, కిందిది పో. అంతే గదా?"

"పైది కిందిది లేదు డాడీ. ఒక్కటే. తెర మొత్తం ఒక్కటే రంగు."

డాడీ నమలడం ఆపాడు. అమ్మ గరిటె పప్పులోనే పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

డాడీకీ ఆ రంగులు విడిగా తెలియవు. నాకు ఏడేళ్ళప్పుడు తోట గదిలో పండు మిరపకాయలు కోసుకురమ్మంటే బుట్టనిండా పచ్చివి కోశాను. అప్పుడు డాడీ పక్కకు తీసుకెళ్ళి, "నాకు గూడ గంతే బిడ్డా. ఎవ్వలికి చెప్పకు," అన్నాడు. తర్వాత బయాలజీలో చదివాను. ఆడపిల్లకి ఇది రావాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ రావాలి. నాన్న కళ్ళు బాగుంటే కూతురి కళ్ళూ బాగుండాల్సిందే. అంటే నేను దొరికితే డాడీ కూడా దొరికినట్టే. ఎవరూ డాడీని పరీక్ష చేయనక్కర్లేదు.

రంగులు కనిపించని డ్రైవర్ని పైకి పలకలు తుడవడానికి పంపుతారు. డాడీ ఊపిరితిత్తులకి ఆ దుమ్ము పడదు. డాక్టరు ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

మంగళవారం

పొద్దున్నే వెళ్ళి మామూలుగా అడిగినట్టు అడిగాను. "అన్నా, ఆగు, పో అని అక్షరాలు కూడా పెడదామా?"

ఇర్ఫాన్ అన్న నవ్వాడు. "ఏంది షారోనూ, డ్రైవర్లకు అక్షరాభ్యాసం చేపిస్తవా? బండి ఊగుతుంటది, తెర మీద బొగ్గు దుమ్ము. అక్షరం చదివేలోపు మలుపు దాటిపోతది. రంగైతే కంటి చివర్ల పడ్డా తెలుస్తది."

తప్పేమీ చెప్పలేదు. మామూలు కళ్ళకి అది నిజమే. అందుకే నాకు ఇంకా భయమేసింది. అతను మంచి డిజైనరు. మంచి డిజైనరు చేసిన మంచి పేజీ మా డాడీని చంపబోతోంది, బండిలో ఉన్నవాళ్ళని కూడా.

మధ్యాహ్నం ఒక ఆలోచన వచ్చింది. ఎరుపుని బాగా ముదురు చేసి, ఆకుపచ్చని బాగా లేత చేస్తే? రంగు తెలియకపోయినా వెలుగు తేడా తెలుస్తుంది కదా. అంకెలు మార్చాను. రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూస్తే భలే తేడా! సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ట్యాబ్లెట్ పట్టుకుని స్టోరు గదిలో దీపం ఆర్పి కూర్చున్నాను. తెరని దానంతట అదే మారేలా పెట్టి, ఏది వస్తే అది చెప్పి, తర్వాత అంకె చూసుకున్నాను. సగం తప్పు. మళ్ళీ చేశాను. మళ్ళీ సగం.

ఎందుకో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పక్కన ఇంకోటి ఉంటేనే ఇది ముదురు, అది లేత. చీకట్లో ఒక్కటే తెర ఉంటే, కన్ను దానికే అలవాటు పడిపోతుంది. ముదురు కూడా కాసేపటికి లేతలాగే ఉంటుంది. దానికితోడు ట్యాబ్లెట్ చీకట్లో తన వెలుగు తానే తగ్గించుకుంటుంది.

తిరిగి వచ్చేసరికి ఇర్ఫాన్ అన్న నా అంకెలు చూసేశాడు. "ఎరుపు ఎందుకిట్ల చచ్చిపోయింది?" ఊరి పేజీలన్నిటిలో ఒకే రకం ఎరుపు ఉండాలని గోడ మీద నియమం ఉంది. పాత అంకెలు మళ్ళీ పెట్టేశాడు. నేను "సారీ, పొరపాటు" అన్నాను. ఈమధ్య ఆ మాట చాలా తొందరగా వచ్చేస్తోంది నాకు.

బుధవారం

డ్రైవర్ల కంటి పరీక్ష ఈరోజే. పేజీ మారుతోంది కాబట్టి అందరికీ మళ్ళీ చేయాలన్నారు మేడమ్.  డాడీ తల నున్నగా దువ్వుకుని, చొక్కా వేసుకుని, ఈల వేస్తూ బయల్దేరాడు.

టీ క్యాన్ ఇవ్వాలన్న వంకతో వెనకాలే డ్రైవర్ల క్యాంటీన్‌కి వెళ్ళాను. పరీక్షకి ముందు వాళ్ళంతా అక్కడ కూర్చుంటారు. పదకొండుమంది. అందరికన్నా పెద్ద భద్రయ్య మామ. బల్ల మీద గ్లాసుతో తాళం వేస్తూ పాడుతున్నాడు, మిగతావాళ్ళు అందుకుంటున్నారు.

"పదహారు... నలభై రెండు... తొమ్మిది... డెబ్బై మూడు... మళ్ళ తొమ్మిది... ఏమీ లేదు... ఇరవై ఆరు..."

ఈ పాట నాకు తెలుసు. చిన్నప్పుడు డాడీ నన్ను ఈ పాటతోనే నిద్రపుచ్చేవాడు. డ్రైవర్లు బండి ఎక్కేముందు పాడుకునే శకునం పాట అనుకునేదాన్ని.

"ఏంటి మామా ఇది?"

"ఇది తెల్వదా? కంటి పరీక్షల చూపించే చుక్కల బుక్కు బిడ్డా. చుక్కల నడుమ అంకె ఉంటది, అది చెప్పాలె. ఊరికంతకి ఒక్కటే బుక్కు, కుట్టిన బుక్కు, పేజీ అటు ఇటు కాదు. మా గురువు నాకు నేర్పిండు, నేను వీళ్ళకు నేర్పిన."

"మరి చూడరా?"

"చూసుడెందుకే, నోటికొచ్చినంక?" అందరూ నవ్వారు. ఒకాయన, "ఆరో పేజీల ఏమీ లేదు అనాలె, గాడనే నేను మొదటిసారి తప్పు చెప్పి దొరకబోయిన," అన్నాడు. ఇంకా నవ్వారు. డాడీ కూడా నవ్వాడు, నా వైపు చూడకుండా.

సాయంత్రానికి కాగితం మా గదికి వచ్చింది. పదకొండుమందీ పాస్. మేడమ్ దాన్ని ఇర్ఫాన్ అన్న బల్ల మీద పెట్టారు. అతను నాకు చూపించాడు. "చూసినవా? ఒక్కరికి గూడ రంగుల తేడా లేదు. ఇగ నీకేం భయం?"

గురువారం

 పొద్దున అన్నం దగ్గర డాడీతో మళ్ళీ మాట్లాడాను. అమ్మ కూడా ఉంది.

"ఎదురు బండి లైటు చూస్త బిడ్డా. లైటొస్తే ఆగుత."

"అక్కడ మలుపుంది కదా డాడీ. లైటు కనిపించేసరికి..."

"మెల్లగ పోత."

"మెల్లగా పోయినా గుద్దుకుంటుంది! మేడమ్‌కి చెప్పేద్దాం."

"చెప్తే? నన్ను పైకి పంపిస్తరు. నిన్ను గా గదిలకెళ్ళి తీసేస్తరు. నోరు తెరువకు షారోను. నా మీద ఒట్టు."

అమ్మ గట్టిగా అంది, "ఒట్టు ఎందుకయ్యా పెడ్తవ్ పిల్లకు? బండ్ల నా తమ్ముడు గూడ ఎక్కుతడు." డాడీ లేచి వెళ్ళిపోయాడు. కంచంలో చేయి కూడా కడగలేదు.

అందుకే మధ్యాహ్నం ఇర్ఫాన్ అన్న భోజనానికి వెళ్ళినప్పుడు పేజీ మార్చేశాను. ఆగమన్నప్పుడు తెర నిండా లావుపాటి అడ్డచారలు. పొమ్మన్నప్పుడు పైకి చూపించే పెద్ద బాణం. చారలకీ బాణానికీ తేడా బండి ఎంత ఊగినా తెలుస్తుంది, ఎంత దుమ్మున్నా తెలుస్తుంది. ఎరుపు అదే ఎరుపు. నియమం తప్పలేదు. ఎవరూ గమనించరనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలీదు.

వచ్చి కూర్చున్న నిమిషంలోనే పట్టుకున్నాడు. "ఎవరు గెలికిండ్రు దీన్ని?"

నేను గబగబా ఇంకో పేజీ తెరిచాను.

"నువ్వేనా? చారలేంది యార్, జీబ్రానా? నీకు నా పేజీ నచ్చకపోతే మొహం మీద చెప్పు. వెనకకెళ్ళి మార్చుడేంది?"

"సారీ అన్నా."

"సారీ కాదు. ఎందుకు అని అడుగుతున్న."

డాడీ పెట్టిన ఒట్టు అడ్డొచ్చింది.  అతను నా చారలు తీసేసి, పేజీకి తాళం వేశాడు. ఇక నేను మార్చలేను. వెళ్తూ వెళ్తూ మేడమ్, "రేపు మొదటి బండి కంటె ముందు డ్రైవర్లను పిలుస్త. పేజీ ఎట్ల పనిచేస్తదో నువ్వే చూపియ్యి షారోను, మాట్లాడుడు అలవాటైతది," అన్నారు.

రేపటి మొదటి బండి డాడీదే.

బండి పేజీకి తాళం ఉంది. కానీ కొత్త పేజీ చేయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. చేస్తున్నాను.

శుక్రవారం

 వరసగా రాస్తాను.

పదకొండుమంది డ్రైవర్లూ వాళ్ళ ట్యాబ్లెట్లతో వచ్చి పేజీల గదిలో కూర్చున్నారు. మేడమ్ గోడకి ఆనుకుని నిలబడ్డారు. డాడీ చివరి వరసలో.

"అందరి తెర మీదా ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి రంగులు వస్తాయి," అన్నాను.  "కింద రెండు బటన్లున్నాయి. ఆగాలనిపిస్తే ఎడమది, పోవాలనిపిస్తే కుడిది నొక్కండి. ఒక్కొక్కరికి ఒక్కో వరస వస్తుంది. పక్కవాళ్ళని చూసి లాభం లేదు."

"పరీక్షనా?" భద్రయ్య మామ అడిగాడు. "మొన్ననే అయింది గదా!"

"పేజీకి పరీక్ష మామా. మీకు కాదు. పేర్లు ఎక్కడా పడవు."

ఇర్ఫాన్ అన్న నా వైపు అనుమానంగా చూశాడు కానీ ఆపలేదు. నొక్కారు. కొందరు టకటకా. కొందరు చాలా నెమ్మదిగా. నేను డాడీ వేళ్ళని చూడలేదు, గోడ మీది పెద్ద తెర వైపే చూశాను. ఎంతమంది తప్పు నొక్కారో అంకె ఒక్కటే అక్కడ పడేలా పెట్టాను. ఒకటి వస్తుందనుకున్నాను. ఒకటి వస్తే ఏం చెప్పాలో నేర్చుకుని వచ్చాను, వేలు జారిందేమో, అయినా పేజీ మారిస్తే మంచిది కదా అని.

మూడు పడింది.

ఇర్ఫాన్ అన్న పెద్ద తెర దగ్గరికి వచ్చి అంకెని మళ్ళీ చూశాడు. 

"మూడేంది?" అన్నారు మేడమ్. "ముగ్గురు ఆగాల్సిన కాడ పోతరా? ఎవరు?"

"పేర్లు ఎక్కడా రాసుకోలేదు మేడమ్," అన్నాను.

"అయితే ఒక్కొక్కరిని కూసోబెట్టి మళ్ళ చేపిస్త. తేలేదాక మొదటి బండి కదలదు."

అప్పుడు భద్రయ్య మామ లేచాడు. అందరికీ పాట నేర్పే మామ. "ఒకటి నాది. ముప్పై ఏండ్ల నుంచి పైది చూసి ఆగుతున్న, కిందిది చూసి పోతున్న. ఒక్కసారన్న గుద్దిన్నా? మీరు పైది కిందిది తీసేసిండ్రు." అనేసి కూర్చోలేదు, అలాగే నిలబడ్డాడు. ఆయన పక్కనున్న కొత్త డ్రైవరు ముఖం కిందికి వేసుకునే చెయ్యెత్తాడు. "నాది గూడ."

"మూడోది?"

డాడీ ట్యాబ్లెట్‌ని ఒళ్ళో బోర్లించి కూర్చున్నాడు. నాకు కోపమొచ్చింది, జాలేసింది. మేడమ్ ఒక్కొక్కరి ముఖం చూస్తూ చివరి వరస దాకా వస్తున్నారు.

"మూడోది నాది మేడమ్," అన్నాను. "నేను కూడా నొక్కాను. నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలియవు. మొదట్నుంచీ."

అనేశాక గానీ బయాలజీ గుర్తు రాలేదు. మేడమ్ నన్ను చూశారు, తర్వాత మెల్లగా చివరి వరస వైపు తల తిప్పారు. మేడమ్ కూడా చదివే ఉంటారు కదా ఆ పాఠం. డాడీని దాచేద్దామని నోరు తెరిచి, డాడీ పేరే చెప్పేశాను.

కుర్చీ చప్పుడైంది.

"పిల్ల అబద్ధమాడుతున్నది మేడమ్," అన్నాడు డాడీ. లేచి నిలబడ్డాడు. "దానికి కనపడదు, గది నిజమే. నా బిడ్డ గదా. కాని గా మూడోది నాది. నేనే నొక్కిన."

ఇర్ఫాన్ అన్న తన తెర ముందు కూర్చున్నాడు. తర్వాత పేజీ తాళం తీసి, నిన్న తీసేసిన నా చారలూ బాణమూ మళ్ళీ పెట్టాడు. "మళ్ళ పంపు," అన్నాడు నాతో. నేను పంపాను. పదకొండుమందీ నొక్కారు. ఈసారి ఎవరూ నెమ్మదిగా నొక్కలేదు.

సున్నా.

మేడమ్ తన నిర్ణయం చెప్పారు. ముగ్గురి సంగతీ సోమవారం కమిటీ చూస్తుంది. అప్పటిదాకా ముగ్గురి పక్కనా కేబిన్లో ఇంకొకరుండాలి. ఈ రాత్రికి మొదటి బండిని డాడీకి బదులు ఇంకో డ్రైవరు తీసుకెళ్తాడు. రేపటి నుంచి డాడీ. "రేపు పక్కన నువ్వే కూసో. పేజీ చేసినోళ్ళే దాని ముందల కూసోవాలె," అన్నారు నాతో.

గది ఖాళీ అయ్యాక ఇర్ఫాన్ అన్న, "నాకు చెప్పొచ్చు గదా," అన్నాడు.

"చెప్తే ఏం చేసేవాడివి?"

 "ముందు నవ్వేటోణ్ణి. తర్వాత మార్చేటోణ్ణి." తర్వాత, "నవ్వినందుకు ఇప్పుడే సారీ," అన్నాడు.

శనివారం

కేబిన్ నేననుకున్నదానికన్నా ఇరుకు. డాడీ మోకాలు, నా మోకాలు తగులుతున్నాయి. వెనక బండి నిండా జనం, చీపుర్లు, నీళ్ళ డబ్బాలు. మా చిన్నమామ కూడా ఎక్కాడు. ఎవరో, "దేవసహాయమన్నా, పక్కన ఇన్‌స్పెక్టరమ్మనా?" అని అరిచారు. నవ్వులు. అందరికీ తెలిసిపోయింది. డాడీ వెనక్కి తిరగలేదు.

దారంతా నాకు ఒకటే ఆలోచన. చారల్ని సరైన సిగ్నల్‌కే కలిపానా? ఆగమనాల్సినప్పుడు బాణం వస్తే? నిన్న సాయంత్రం చూసుకున్నాను, రాత్రి బదులు డ్రైవరుకీ సరిగ్గానే పడ్డాయట, ఈ పొద్దున మళ్ళీ చూసుకున్నాను. అయినా.

మలుపు దగ్గర తెర నిండా చారలు పడ్డాయి.

డాడీ బ్రేకు వేశాడు. బండి ముక్కుతూ మూలుగుతూ ఆగింది. చీకటి. ముందు ఏమీ లేదు. ఏ చప్పుడూ లేదు. ఎదురు బండి లైటు కూడా లేదు.

"ఎందుకాపినవన్నా? లైన్ ఖాళీగనే ఉన్నది గదా!"

"కొత్త పేజీ మొరాయించిందేమో!"

"అన్నకు కనపడుతలేదేమో, ఎవరన్న చెప్పుండ్రి!"

ఆ మాటకి ఎక్కువమంది నవ్వలేదు. డాడీ మెడ మీద నరం లేచింది. బ్రేకు మీద చేయి అలాగే ఉంది. నా వైపు కొంచెం వంగి అడిగాడు, "కరెక్టేనా బిడ్డా?"

"చారలే డాడీ. ఆగు."

అన్నాను గానీ తెర మీది చారల్నే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. నేను తప్పు చేసుంటే అందరూ డాడీనే అంటారు. జనం గొణుగుడు పెరిగింది. ఎవరో దిగి చూద్దామంటున్నారు. "ఎవ్వలు దిగొద్దు!" అని డాడీ అరిచాడు. డాడీ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

ముందు గాలి వచ్చింది. వేడి గాలి, పై దుమ్ము వాసనతో. తర్వాత పట్టాలు వణికాయి. మలుపు చుట్టూ ఒక్కసారిగా వెలుగొచ్చి, ఎదురు బండి మా కిటికీకి చెయ్యెడంలో దూసుకుపోయింది. ఇనుము, గోనెసంచులు, ఇనుము. వెనక ఎవరో యేసయ్యా అన్నారు, ఎవరో అమ్మా అన్నారు.

తెర మారింది. డాడీ వెంటనే కదలలేదు. తెరని ఇంకోసారి చూశాడు, వేలితో దాని మీది దుమ్ము తుడిచి మళ్ళీ చూశాడు.

ఇక్కడ ప్రతి డ్రైవరూ బండి తీసేముందు వెనక్కి అరవాలి, గ్రీన్ పడ్డది, పట్టుకోండి అని. అలా అరవకుండా బండి తీయరు. డాడీ ఇన్నేళ్ళూ అలాగే అరిచాడు, తనెప్పుడూ చూడని రంగు పేరు పెట్టి.

"బాణం పడ్డది," అని అరిచాడు డాడీ. "పట్టుకోండి!"